చిన్నయ్య పంపిన రేసుకారు

మా ఇంట్లో రేసుకారు ఉందని నేను స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే చూపించమంటారు. చూపిస్తే అది మీకెలా వచ్చిందని అడుగుతారు. నెల్లూరులో మేమున్న వీధిలో అప్పటికి స్కూటరున్న ఇళ్లే తక్కువ. అలాంటి చోట, లారీ షెడ్డులో పనిచేసే మెకానిక్కు ఇంటి పెరట్లో, రేకుల కింద, టార్పాలిన్ కప్పుకుని ఒక చిన్న కారు ఉండేది. ఇద్దరు మాత్రమే, అదీ భుజాలు ఒరుసుకుంటూ కూర్చోగలిగిన కారు. తలుపులు లేవు, పైకప్పు లేదు. ముందుండే అద్దం నా పలకంత. కోడిపిల్లలు దాని కింద దూరితే వాటిని బయటికి తోలడానికి అమ్మ చీపురు వాడేది. చేత్తో కారును తాకేది కాదు.

దాని చరిత్ర నాయన చెప్పింది కొంత, తర్వాత నేను వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకుంది కొంత. మద్రాసులో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒక ఆంగ్లో ఇండియన్ దాన్ని తన ఇంటి వెనక వసారాలో కట్టాడు. పాత చిన్న కారు ఒకటి కొని, దాని ఇంజనూ చట్రమూ ఉంచుకుని, పైన అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి కొట్టి ఒంపులు తెచ్చాడు. చేత్తో నిమిరితే ఆ సుత్తి దెబ్బలు ఇప్పటికీ వేళ్లకు తగులుతాయి. మద్రాసు అవతల, యుద్ధకాలంలో వేసి వదిలేసిన విమానాల రన్‌వే మీద ఏటా కార్ల పందేలు జరిగేవి. పెద్ద పెద్ద కార్ల మధ్య ఇది మేకపిల్లలా దూరి, మలుపుల దగ్గర వాటిని దాటేసేదట. ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియాకు వలసపోతూ దాన్ని ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానికి అమ్మిపోయాడు. ఆ ప్రెస్సాయన ఆకుపచ్చ కారుకు ఎర్రరంగు వేయించి కొన్నాళ్లు పందేలాడాడు. బిడ్డ పుట్టాక ఆయన భార్య, కారు కావాలో సంసారం కావాలో తేల్చుకోమంది. అలా అది పెన్నా దాటి కోవూరు చేరింది.

కోవూరులో దాన్ని కొన్నది రైసుమిల్లు ఉన్న ఒక ఆసామి. ఆయన్ని మిల్లు జనం పెద్దయ్య అనేవాళ్లు. ఆయనకన్నా చాలా చిన్నవాడైన తమ్ముణ్ణి చిన్నయ్య అనేవాళ్లు. తల్లీ తండ్రీ లేని ఆ తమ్ముణ్ణి పెద్దయ్యే పెంచాడు. మద్రాసులో చదువుకుంటూ చిన్నయ్య పందేల పిచ్చి తగిలించుకున్నాడు. తమ్ముడు నోరు తెరిచి అడిగితే కాదనలేక పెద్దయ్య కారు కొన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. పందేనికీ, సాధనకూ తప్ప కారు మిల్లు గేటు దాటకూడదు. దాటితే ఆ రోజే అమ్మేస్తాను అన్నాడు. మా నాయన ఆ మిల్లులో డీజిల్ ఇంజనూ లారీలూ చూసే మెకానిక్కు. కారు కూడా ఆయన చేతికే వచ్చింది.

సాధనకు వాళ్లు జువ్వలదిన్నె దగ్గర సముద్రపు ఒడ్డుకు పోయేవాళ్లు. నీళ్లు వెనక్కి తీసినప్పుడు అక్కడి తడి ఇసుక గచ్చు వేసినట్టు గట్టిగా, కంటికి ఆననంత దూరం తిన్నగా ఉండేది. చిన్నయ్య కారులో, నాయన మిల్లు జీపులో. ఒకరోజు పొద్దున చిన్నయ్య కారును పూర్తి వేగానికి తెచ్చిన సమయంలో ఎడమవైపు ముందు చక్రం ఊడి, సముద్రంలోకి దొర్లిపోయింది. కారు తిరగబడింది. నాయన పరుగెత్తి వెళ్లి, ఒంటి చేత్తో కారును ఎలా ఎత్తాడో ఆయనకే తెలియదు, చిన్నయ్యను బయటికి లాగాడు. కుడికాలు తొడ దగ్గర నుంచి నుజ్జయింది. ప్రాణం దక్కింది.

నాకప్పుడు ఐదేళ్లుంటాయి. నాకు గుర్తున్నది ఒక్కటే. అమ్మ బావిగట్టు దగ్గర నాయన చొక్కాను ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతుకుతోంది, నాయన పక్కన కూర్చుని, "పారెయ్ మే, పోదు అది" అంటున్నాడు.

ముందురోజు పొద్దున చక్రాలన్నీ బిగించింది నాయనే. ఇంక వేరే విచారణ ఏముంటుంది? పెద్దయ్య తిట్టలేదు, కొట్టలేదు. "నా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెట్టినా. ఇంక నువ్వు నా కంటికి కనపడొద్దు" అన్నాడట. మేము సామాను సర్దుకుని నెల్లూరు వచ్చేశాం. నాయన లారీ షెడ్డులో చేరాడు.

ఏడాది తిరిగిందో లేదో, మిల్లు లారీ ఒకటి మా వీధిలోకి వచ్చింది. దాని మీద గోనెపట్టాలు కప్పిన కారు. నలుగురు మనుషులు దాన్ని చెక్కల మీదుగా దించారు. నాయన ఏమీ అర్థంకాక చూస్తుంటే లారీ డ్రైవరు, "చిన్నయ్య నీకిమ్మన్నాడన్నా" అని చెప్పి వెళ్లిపోయాడు. నాయన అక్కడే గుమ్మం మీద కూలబడ్డాడు. అమ్మ గోనెపట్టా ఎత్తి చూసి, వంగిపోయిన రేకు కనబడగానే మళ్లీ కప్పేసింది.

"ఎందుకు పంపినాడు?" అంది.

"ఎందుకేంది? రోజూ చూసుకోమని," అన్నాడు నాయన. "నువ్వు చేసిన పని నీ కళ్లముందే పెట్టుకోమని."

అమ్మ పాత ఇనుముకు వేసేయమంది. నాయన ఒప్పుకోలేదు. అట్లాగని ఒక్కనాడూ తోలలేదు. కొత్త చక్రం వేశాడు, వంగిన రేకులు సరిచేశాడు, అప్పుడప్పుడూ టార్పాలిన్ తీసి ఇంజనుకు నూనె పోసి చేత్తో తిప్పేవాడు. వాళ్లు ఎప్పుడైనా అడిగితే మంచిగా అప్పజెప్పాలి అనేవాడు. వాళ్లు అడగలేదు.

ఇవన్నీ ఇంట్లో జరిగేవి. బయటికి కనబడింది ఇంకొకటి. మాది బాప్టిస్టు సంఘం. నెలకొకసారి ప్రభువు బల్ల ఆదివారం ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. మనసులో పాపం పెట్టుకుని అవి తీసుకోకూడదంటారు. మిల్లులో పనిచేసే రోజుల్లో, కోవూరులో మా సంఘం గుడిలో నాయన పళ్లెం పట్టుకుని పంచేవాళ్లలో ఒకడట. నెల్లూరు వచ్చాక పాటలకు కూర్చునేవాడు, వాక్యానికి కూర్చునేవాడు. బల్ల మీద గుడ్డ తీయగానే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మేము బయటికి వచ్చేసరికి చెప్పులు విడిచిన చోట, వేపచెట్టు నీడలో నిలబడి ఉండేవాడు. ఒక మనిషి అట్లా నెలనెలా లేచిపోతుంటే జనం ఊరుకుంటారా? తాగుతాడన్నారు. ఇంకెక్కడో ఇల్లుందన్నారు. నా స్నేహితురాలు ఒకతి నన్నే అడిగింది, "మీ నాయన చేసిన పాపమేంది మే?" అని. నేను ఆ పిల్లతో మాట్లాడడం మానేశాను. నిజానికి నాకు కోపం వచ్చింది ఆ పిల్ల మీద కాదు. ఒక్కసారి కూర్చుంటే ఏం పోయిందని నాయన మీద.

ఒకసారి పాస్టరుగారు ఇంటికి వచ్చి నచ్చజెప్పబోయారు. నాయన తల వంచుకుని విన్నాడు. చివరికి, "ఒక్కసారి చూసుండాల్సిందయ్యా," అన్నాడు. అంతే. ఆ మాట తప్ప ఆ రోజు సంగతి నాయన నోట నేను ఇంకేమీ వినలేదు.

నేను పెరిగి, చదువు పెద్దగా అబ్బక, బళ్లమీద ఇష్టం మాత్రం నాయన దగ్గర నుంచి వచ్చి, నెల్లూరులోనే డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాను. ఆడపిల్లలకు ఆడమనిషి నేర్పుతుందంటే తల్లిదండ్రులు ధైర్యంగా పంపేవాళ్లు. బాగానే నడిచింది. నాయన పనికి పోలేని వయసు వచ్చాక స్కూలు ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మూడేళ్ల కిందట, వానాకాలంలో, జ్వరంతో పోయాడు. ఆఖరి రోజుల్లో పాస్టరుగారు రొట్టె తెచ్చి పక్కన కూర్చుంటే నాయన గోడవైపుకు తిరిగి పడుకున్నాడు.

ఆయన పోయాక ఆ టార్పాలిన్ నేను తీశాను. ఎందుకు తీశానంటే చెప్పలేను. అమ్మ వద్దంది. మా స్కూలు బళ్లు చూసే మెకానిక్కును పిలిపించాను. నాయన అన్నేళ్లు నూనె పోసి తిప్పుతూ రావడంతో ఇంజను తుప్పుపట్టి బిగుసుకుపోలేదు. పైపులు, వైర్లు, టైర్లు మార్చాం. ఒక సాయంత్రం అది దగ్గి, పొగ కక్కి, ఆగి, మళ్లీ అందుకుంది. ఆ చప్పుడుకు అమ్మ వంటింటి తలుపు వేసుకుంది.

నేను దాన్ని మైపాడు రోడ్డు మీదికి తీసుకుపోయాను. జీవితమంతా బండి నేర్పిన మనిషిని నేను. మెల్లగా పోండి, అద్దం చూడండి అని చెప్పీ చెప్పీ నోరు అరిగిన మనిషిని. ఆ కారులో కూర్చుంటే రోడ్డు నడుము కింద పారుతున్నట్టుంటుంది. గాలి నోట్లోకి వస్తుంది. నేను పెద్దగా నవ్వాను. నవ్విన మరుక్షణం నోరు మూసుకున్నాను. ఒక మనిషి కాలు పోయిన సీటులో, మా నాయన జన్మంతా ఎక్కడానికి భయపడిన సీటులో కూర్చుని నవ్వేదాన్ని నేనేం మనిషిని అనిపించింది. అయినా మళ్లీ ఆదివారం తీశాను. ఆ తర్వాత ఆదివారమూ తీశాను.

పోయిన చలికాలం నెల్లూరులో పాత బళ్ల ప్రదర్శన పెట్టారు. ఎవరో చెబితే తీసుకుపోయాను. ఎర్రకారు, యాభై దాటిన ఆడమనిషి తోలుతోంది. ఇంకేం కావాలి? వీడియో తీసి ఫోన్లలో పంచుకున్నారు. నాలుగు రోజులకు కోవూరు నుంచి ఫోను వచ్చింది. ముసలి గొంతు. "నేనమ్మా, మిల్లు చిన్నయ్యని. ఒకసారి ఇంటికి రాగలవా?"

చిన్నయ్య బతికే ఉన్నాడని నాకు తెలుసు. కోవూరు పది నిమిషాల దూరం. ఒక్కసారీ ఆ వీధిలోకి పోలేదు. రాత్రంతా క్షమాపణ మాటలు కూర్చుకుని, పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాను.

మిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో కల్యాణమండపం కట్టారు. వెనక ఇల్లు మాత్రం ఉంది. చిన్నయ్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి పంచె, పక్కన చేతికర్ర, ముందుకు చాపిన కుడికాలు. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు.

"కూర్చోమ్మా. బాగా తోల్తా ఉండావు. వీడియోలో చూసినా. గేరు మార్చేటప్పుడు చప్పుడే లేదు," అన్నాడు.

నేను కూర్చోలేదు. కూర్చుకున్న మాటలు ఒక్కసారిగా చెప్పేశాను. "సార్, మీకు అంత కష్టం తెచ్చిన కారును అట్టా ఊరంతా తిప్పినందుకు క్షమించండి. మా నాయన చచ్చిపోయేదాకా ఆ సంగతి మర్చిపోలా. ఆయన తరఫున కూడా నేను…"

"ఆగమ్మా," అన్నాడు ఆయన. చెయ్యి ఎత్తి ఆపాడు. "ఆ చక్రం మీ నాయన బిగించింది కాదు."

నాకు అర్థం కాలేదు.

"ముందురోజు సాయంత్రం అన్న ఊళ్లో లేడు. నేను కారు తీసుకోని గేటు దాటినా. పెన్నా వంతెన దాకా పొయ్యొచ్చేదాంట్లో పంచరయింది. ఎడమచేతి ముందు చక్రం. నేనే ఊడదీసి, సైకిలు షాపులో పంచరు వేయించి, నేనే బిగించినా. బిగించినాననే అనుకున్నా. అన్నకి తెలిస్తే కారు అమ్మేస్తాడని ఎవురికీ చెప్పలా. మీ నాయనక్కూడా."

వరండా తలుపు దగ్గర ఆయన భార్య కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడిపోయింది. ఆయన ఆమెను చూశాడు గానీ ఆగలేదు.

"తెల్లారి బీచీలో మీ నాయన స్పానరు తీసుకోనొచ్చినాడు. ఒకసారి చక్రాలు చూస్తానయ్యా అన్నాడు. నేనే వద్దన్నా. పోటు మొదలవతా ఉంది, నీళ్లొచ్చేస్తాయి, పక్కకి పో అన్నా."

"అడిగినాడా?" అన్నాను. "మా నాయన అడిగినాడా?"

"అడిగినాడమ్మా."

ఆ మాట నాయన మాకు చెప్పలేదు. ఒక్కసారి చూసుండాల్సింది అన్నాడే గానీ, అడిగితే వద్దన్నారని ఎన్నడూ అనలేదు. అప్పుడు కూర్చున్నాను.

"ఇన్నేళ్లు ఎట్టా ఊరుకున్నారు సార్?"

"మద్రాసు ఆస్పత్రిలో నెలలు నెలలు ఉన్నా. ఇంటికొచ్చేసరికి అన్న మీ నాయన్ని పంపించేసి ఉండాడు. చెప్దామనే అనుకున్నా. అన్న నా మంచం పక్కన కూర్చోని ముద్దలు కలిపి పెడతా ఉండె. ఆ ముద్ద నోట్లో పెట్టుకోని ఆ మాట చెప్పలేకపోయినా. రేపు చెప్దాం అనుకున్నా. అన్న పోయినాక ఇంక ఎవురికి భయపడాల? అప్పుడు మీ నాయన మొహం చూసేదానికి భయమేసింది. ఇంటికొచ్చిన కొత్తలో అన్న ఆ కారుని పాత ఇనుముకి వేసేస్తా అంటే నేనే ఏడ్చి, మెకానిక్కుకి ఇచ్చెయ్యమన్నా. నేను చెప్పుకోలేని మాట అది చెప్తదిలే అనుకున్నా," అన్నాడు.

"మా నాయనకి అది వేరే మాట చెప్పింది సార్," అన్నాను. చెప్పుల దగ్గర నిలబడే సంగతి చెప్పాను. గోడవైపుకు తిరిగి పడుకున్న సంగతీ చెప్పాను. ఆయన వింటూ మెల్లగా మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఆయన భార్య గ్లాసులు కింద పెట్టి, "నాకు కూడా చెప్పలేదే," అంది, నాతోనో ఆయనతోనో. నేను కాఫీ తాగలేదు. వస్తానని కూడా చెప్పకుండా లేచి వచ్చేశాను.

వంతెన మీదికి వచ్చాక స్కూటరు పక్కకు ఆపాల్సి వచ్చింది. చిన్నయ్య మీద కోపంతో అనుకున్నాను. కాదు. నాకు నా స్కూలు ముందుగది గుర్తొచ్చింది. కొత్త బ్యాచి పిల్లలు వచ్చిన ప్రతిసారీ మొదటి పాఠంలో నేనొక కథ చెప్పేదాన్ని. అనగనగా ఒక మెకానిక్కు, ఒక్క నట్టు బిగించడం మర్చిపోయాడు, బంగారంలాంటి కుర్రాడి కాలు పోయింది, అందుకని బండి కదిలించే ముందు చుట్టూ తిరిగి చూసుకోవాలి. పిల్లలు అబ్బా అనేవాళ్లు. ఎవరి కథో చెప్పేదాన్ని కాదు. పాఠం బాగా ఎక్కేది. నాయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉండేవాడు. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ తడిక. ప్రతి మాటా వినబడుతుంది. క్లాసు అయ్యాక పిల్లలు బయటికి వస్తుంటే ఆయన కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవాడు. ఆయన వింటున్నాడని నాకు తెలియదా? తెలుసు. ఎవరి పేరూ చెప్పడంలేదు కదా అనుకునేదాన్ని.

అమ్మకు ఎట్లా చెప్పాలో తెలియక చాలా రోజులు తిప్పలు పడ్డాను. చివరికి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "అడిగినాడంటనా?" అంది నాలాగే. తర్వాత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నీకు గుర్తుందో లేదో, నీ పెళ్లప్పుడు మా ఇద్దరికీ మాట మాట వచ్చింది. ఒక మనిషిని కుంటోణ్ణి చేసినోడివి నువ్వు నాకు చెప్తావా అన్నా. ఆ రోజు ఆయన అన్నం తినలా," అంది.

తర్వాతి వారం చిన్నయ్యే మా ఇంటికి వచ్చాడు, ఆటోలో, భార్యను తోడు తీసుకుని. అమ్మ ఆయనకు కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా కర్రమీద ఆనుకుని, చేతులు జోడించబోయాడు. అమ్మ చూడలేక మొహం తిప్పుకుంది.

"నాకు చెప్తే ఏం లాభమయ్యా? ఆయన యాడ నుంచి లేచి బయటికి పోయినాడో ఆడ చెప్పండి," అంది.

ఆయన సరే అన్నాడు. ఒప్పుకుంటాడని అమ్మా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

బల్ల ఆదివారం మా గుడిలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. జబ్బు నయమైనవాళ్లూ, ఉద్యోగం వచ్చినవాళ్లూ లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెబుతారు. ఆ వరసలో చిన్నయ్యను నిలబెట్టారు. నుదుట విభూతి పెట్టుకున్న పెద్దమనిషి కర్ర పోటేసుకుని మైకు ముందుకు రావడం చూసి జనం మెడలు చాచారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గొంతు చిన్నది, మైకు కీచుమంటోంది. సంఘంలో సగంమంది మా నాయనను ఎరగని వాళ్లు. పాస్టరుగారు కుర్రాయన, ఈ మధ్యనే వచ్చాడు. ముందు వరసలో ఎవరో, ప్రమాదంలో ప్రాణం దక్కిన సాక్ష్యం అనుకుని, పెద్దగా "హల్లెలూయ" అన్నారు. చప్పట్లు కొట్టారు. చిన్నయ్య బిత్తరపోయి నిలబడ్డాడు. "దానికి కాదయ్యా," అన్నాడు మైకులో. "నేను అబద్ధమాడినా. ఆయన మంచోడు. అది చెప్దామనొచ్చినా." వెనక వరసలో కూర్చున్న ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. మా నాయన తాగుతాడని పుట్టించినవాళ్లలో వాళ్లున్నారేమో నాకు తెలియదు. తర్వాత ఆరాధన మామూలుగా సాగిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ గుడికని వేసుకున్న ముసుగు తీసి మంచం మీద కూర్చుంది. "ఆయన చెప్పేసినాడు. తేలికైపోయినాడు," అంది. "నా సంగతేంది? నేనెవరికి చెప్పుకోవాల?"

నా క్లాసు కథ సంగతి నేనూ ఎవరికీ చెప్పుకోలేదు. పక్కన కూర్చున్నాను. అమ్మ అన్నం పెట్టమంది.

ఎండాకాలం మొదట్లో చిన్నయ్య మళ్లీ ఫోను చేశాడు. ఒకసారి జువ్వలదిన్నె తీసుకుపోతావా అని అడిగాడు, ఆ కారులో. నాకు కుదరదు అనబోయాను. ఆయన్ను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కోపం వచ్చినందుకు మళ్లీ బాధ. ఆ మనిషి ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేనే అడుగుతాను. చివరికి అమ్మే, "పో మే. ఎన్నాళ్లు బతుకుతాడు" అంది.

కోవూరులో ఆయన్ను ఎక్కించుకున్నాను. తలుపు లేని కారు కాబట్టి అంచు మీద కూర్చోబెట్టి, ఆయన భార్యా నేనూ కాలు పట్టి లోపలికి దించాం. ఆ కారులో ఎటూ కాళ్లు ముందుకు చాపుకునే కూర్చోవాలి, వంగని కాలైనా ఇబ్బంది లేదు. హైవే మీద లారీలు మా పక్కన మేడల్లా పోతున్నాయి. బస్సుల్లోంచి పిల్లలు చేతులూపుతున్నారు. ఆయన రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఒకచోట రోడ్డు ఖాళీ అయితే, "కొంచెం తొక్కమ్మా," అన్నాడు. తొక్కాను. పక్కకు చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

జువ్వలదిన్నెలో ఇప్పుడు పెద్ద ఫిషింగ్ హార్బరు కట్టారు. రాళ్లగోడలు సముద్రంలోకి పోయాయి. కాంక్రీటు నేల, వేలంపాట షెడ్లు, ఐసు బళ్లు. చిన్నయ్య కర్ర పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. "ఈడనే," అన్నాడు. మళ్లీ, "కాదు, ఇంకా అటువైపు. ఒక తాడిచెట్టు ఉండాల," అన్నాడు. తాడిచెట్టు లేదు. ఏ ఇసుక మీద కారు తిరగబడిందో, ఏ చోట మా నాయన స్పానరు పట్టుకుని నిలబడ్డాడో కనిపెట్టలేకపోయాడు. ఎండ మాడుతోంది. ఆయన ఒక లంగరురాయి మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. నేను షెడ్డు నుంచి నీళ్లు తెచ్చిచ్చాను. ఆ రోజు కాఫీ తాగకుండా వచ్చేసిన సంగతి నాకూ గుర్తుంది, ఆయనకూ గుర్తుండే ఉంటుంది. ఆయన చుక్క మిగలకుండా తాగాడు.

మేము తిరిగి వచ్చేసరికి కారు చుట్టూ చేపల బుట్టల ఆడవాళ్లూ, పడవల మీద పనిచేసేవాళ్లూ మూగి ఉన్నారు. ఒకాయన రేకు మీద చెయ్యేసి నిమురుతూ, "బలే ఉండాదే. ఎవురిదబ్బా ఈ బండి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు చిన్నయ్య, "ఈమె వాళ్ల నాయనది," అన్నాడు.

"ఆయన తోల్తాడా ఇంకా?"

"లేడు," అన్నాను నేను. "ఎప్పుడూ తోలలేదు."

వాళ్లకు అది వింతగా తోచింది. ఒక పెద్దావిడ బుట్ట దించి వచ్చి, అడక్కుండానే చిన్నయ్య కాలు పట్టుకుని లోపలికి సర్దింది. చేపల చేతులతో పట్టుకున్నానే అని నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను ఇంజను స్టార్టు చేసి, ఐసు బండి పక్కకు తప్పుకునేదాకా కాచుకుని, రోడ్డు మీదికి తిప్పాను.